పనిని చూసి ప్రాసెసర్, ఊరిని చూసి మదర్‌బోర్డు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. కావలి, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు... నెల్లూరు తీరం పొడవునా ఫొటో స్టూడియోల్లో, డీటీపీ సెంటర్లలో, రొయ్యల మేత డీలర్ల ఆఫీసుల్లో, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ఒకటే ప్రశ్న: ఎనిమిదేళ్లు, పదేళ్లు నడిచిన డెస్క్‌టాప్‌ను ఏం చేయాలి? విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచి ఉన్న ప్రాసెసర్లే పనికొస్తాయి. బోర్డులో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా ఉండాలి. అంతకంటే పాత మెషీన్లలో ప్రాసెసర్, మదర్‌బోర్డు, చాలాసార్లు ర్యామ్ కలిపి మార్చక తప్పదు. క్యాబినెట్, మానిటర్, కీబోర్డు, ఎస్‌ఎస్‌డీ మాత్రం అలాగే ఉంచుకోవచ్చు.

నెల్లూరులోని షాపుకు వెళ్లినా, పినాకినీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా, బేరం ప్రాసెసర్ పేరుతోనే మొదలవుతుంది. ఐ5 చాలా, ఐ7 వేయించాలా అన్నదే చర్చ. డబ్బంతా అక్కడే అయిపోతుంది. బోర్డు దగ్గరికి వచ్చేసరికి "దీనికి సరిపోయేది ఏదో ఒకటి ఇవ్వండి" అంటాం. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ వరస మారాలి. ప్రాసెసర్ చెడిపోవడం చాలా అరుదు. ఎండకీ ఉప్పుకీ తేమకీ కరెంటు ఒడుదొడుకులకీ ముందుగా బలయ్యేది బోర్డు, దానికి కరెంటు ఇచ్చే పవర్ సప్లై. అందుకే ప్రాసెసర్‌ను మీ పని నిర్ణయించాలి, బోర్డును మీ ఊరు నిర్ణయించాలి.

జాప్యం ఎక్కడుంది?

కొనడానికి ముందు పాత మెషీన్‌నే అడగాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీని పక్కన ఉంచుకుని మీ రోజువారీ పని చేసుకోండి.

డిస్క్ గీత 100 శాతం దగ్గర ఆగి, ప్రాసెసర్ గీత కిందనే ఉంటే దోషం హార్డ్ డిస్క్‌ది. నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్ ఒక చుట్టు పూర్తిచేయడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అందులో సగం కాలం ఆగాలి. సూది కదిలే సమయం దీనికి అదనం. అందుకే చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్లను హార్డ్ డిస్క్ సెకనుకు వంద చొప్పున చదవడమే గొప్ప. మామూలు ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు వేల సంఖ్యలో చేస్తుంది. ఇలాంటి మెషీన్‌కు ఐ7 వేసినా ప్రయోజనం లేదు, ఆ ప్రాసెసర్ కూడా డిస్క్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

మెమరీ గీత పైకప్పును తాకుతుంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. ప్రాసెసర్ గీతే 100 శాతానికి చేరితే అప్పుడు మాత్రమే ప్రాసెసర్ మార్చడంలో న్యాయం ఉంది. ఆ గీత మీద మౌస్ కుడి బటన్ నొక్కి, లాజికల్ ప్రాసెసర్లను విడివిడిగా చూపమని అడిగితే ఇంకో సంగతి తెలుస్తుంది. ఒక్క గడి మాత్రం నిండి, మిగతావి ఖాళీగా ఉన్నాయా? అన్నీ నిండాయా? ఎలాంటి ప్రాసెసర్ కొనాలన్నదానికి సగం జవాబు ఆ గడుల్లోనే ఉంది.

గిగాహెర్ట్జ్ ఎందుకు ఆగిపోయింది?

1971లో వచ్చిన ఇంటెల్ 4004 చిప్‌లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. అక్కడి నుంచి మూడు దశాబ్దాల పాటు ప్రాసెసర్ల గడియారం వేగం పెరుగుతూ వచ్చింది. 2004లో పెంటియం 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్ చేరింది. 4 గిగాహెర్ట్జ్ మోడల్ తెస్తామన్న ఇంటెల్ అదే ఏడాది ఆ ప్రయత్నం మానుకుంది. కారణం వేడి.

చిప్ ఖర్చుచేసే విద్యుత్తు గడియారం వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ వర్గంతోనూ పెరుగుతుంది. వేగం 20 శాతం పెంచడానికి వోల్టేజీని కూడా 20 శాతం పెంచాల్సివస్తే, 1.2ను మూడుసార్లు హెచ్చవేయాలి. అంటే ఖర్చు సుమారు 73 శాతం పెరుగుతుంది. ఆ ఖర్చంతా చివరికి వేడిగా మారుతుంది. అందుకే తయారీదారులు వేగాన్ని వదిలి, ఒకే చిప్‌లో కోర్‌ల (విడివిడిగా లెక్కలు చేసే భాగాల) సంఖ్య పెంచే దారి పట్టారు. గడియారపు ఒక్కో టిక్కుకు ఒక్కో కోర్ చేసే పనినీ పెంచుతూ వచ్చారు. పదేళ్ల కిందటి 3.5 గిగాహెర్ట్జ్ చిప్, నేటి 3.5 గిగాహెర్ట్జ్ చిప్ ఒకటి కానిది ఇందుకే.

కోర్‌లు పెరిగితే పని అంతే వేగంగా అవుతుందా? జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1967లోనే దీనికి లెక్క చెప్పాడు. పదిమంది కలిసి కూరగాయలు తరిగితే పెళ్లి వంట తొందరగా తెములుతుంది, అన్నం ఉడకడానికి పట్టే సమయం మాత్రం పదిమంది నిలబడ్డా తగ్గదు. పనిలో 40 శాతమే పంచుకోగలిగితే, 4 కోర్‌లతో వేగం 1.4 రెట్లవుతుంది, 16 కోర్‌లు పెట్టినా 1.6 రెట్లే. అదే 95 శాతం పంచుకోగల పనైతే 4 కోర్‌లతో 3.5 రెట్లు, 16 కోర్‌లతో 9 రెట్లు దాటుతుంది.

ట్యాలీలో లెక్కలు, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖ, బ్రౌజర్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు... ఇవి మొదటి రకానికి దగ్గర. వీటికి నాలుగు నుంచి ఆరు చురుకైన కోర్‌లు చాలు. పెళ్లి వీడియోను ఎగుమతి చేయడం, త్రీడీ రెండరింగ్, పెద్ద ప్రోగ్రాములను కంపైల్ చేయడం రెండో రకం. అక్కడ ప్రతి అదనపు కోర్ తన ఖరీదుకు న్యాయం చేస్తుంది.

ఇంకొకటి క్యాష్. 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌కు ఒక టిక్కు అంటే సెకనులో 400 కోట్లవ వంతు. ర్యామ్ నుంచి ఒక ముక్క తెచ్చుకోవాలంటే దానికి కొన్ని వందల టిక్కులు వృథా అవుతాయి. ఆ ఎదురుచూపు తగ్గించడానికే చిప్ లోపల చిన్న, వేగవంతమైన క్యాష్ మెమరీ ఉంటుంది. రెండు ప్రాసెసర్లకు కోర్‌లూ వేగమూ సమానంగా ఉన్నా, క్యాష్ ఎక్కువున్నది ఆటల్లో ముందుండటానికి ఇదే కారణం.

శ్రీహరికోట ఎంపిక

పనిని చూసి ప్రాసెసర్‌ను ఎంచుకోవడం ఎలాగో తెలియాలంటే నెల్లూరు వాళ్లు దూరం వెళ్లక్కర్లేదు. 2022 దాకా నెల్లూరు జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60 ఎగిరింది. ఆ రాకెట్ చివరి దశను కక్ష్యలోనే ఉంచి పోయెమ్-4 పేరుతో ప్రయోగశాలగా వాడారు. దాని మిషన్ మేనేజ్‌మెంట్ కంప్యూటర్‌లో విక్రమ్ 3201 అనే 32-బిట్ ప్రాసెసర్‌ను మొదటిసారి అంతరిక్షంలో పరీక్షించారు. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్, చండీగఢ్‌లోని సెమీకండక్టర్ లేబొరేటరీ కలిసి దీన్ని రూపొందించాయి. దీనికి ముందు తరమైన 16-బిట్ విక్రమ్ 1601 మన రాకెట్లలో 2009 నుంచి పనిచేస్తోంది.

విక్రమ్ 3201ను 180 నానోమీటర్ల సాంకేతికతతో తయారుచేశారు. ఇళ్లలోని కంప్యూటర్లకు ఆ సాంకేతికత వచ్చింది 1999-2000 ప్రాంతంలో, పెంటియం 3, పెంటియం 4 రోజుల్లో. నేటి డెస్క్‌టాప్ చిప్‌తో పోలిస్తే విక్రమ్ వేగం చాలా తక్కువ. కానీ రాకెట్‌కు కావలసింది వీడియో ఎడిటింగ్ కాదు. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ వరకు, గగనప్రయాణపు కుదుపుల్లో, ఒక్క లెక్క కూడా తప్పకుండా నిర్ణీత క్షణంలో జవాబు రావాలి. కాస్త పెద్ద ట్రాన్సిస్టర్లలో విద్యుదావేశం ఎక్కువ ఉంటుంది కనుక అంతరిక్షంలో దూసుకొచ్చే ఒక కణం తగిలినంత మాత్రాన 0 కాస్తా 1 అయిపోయే ప్రమాదం తక్కువ. ఇస్రో ఇంజనీర్లు అత్యంత వేగవంతమైన చిప్‌ను వెతకలేదు, తమ పనికీ తమ పరిసరాలకీ నిలిచే చిప్‌ను తయారుచేసుకున్నారు. ఆ లెక్క మన బల్ల మీది మెషీన్‌కు కూడా వర్తిస్తుంది.

సాకెట్ కుదరాలి

ప్రాసెసర్ కూర్చునే చోటు సాకెట్. రెండింటి పేరూ కలవకపోతే మిగతా లెక్కలన్నీ వృథా. 2020లో వచ్చిన ఎల్‌జీఏ 1200 సాకెట్ ఇంటెల్ 10, 11 తరాలకు. 2021 చివర్లో వచ్చిన ఎల్‌జీఏ 1700 సాకెట్ 12, 13, 14 తరాలకు. 2024 అక్టోబరులో వచ్చిన ఎల్‌జీఏ 1851 కోర్ అల్ట్రా 200 శ్రేణికి. ఏఎండీలో 2017 నాటి మొదటి రైజెన్ నుంచి 5000 శ్రేణి దాకా ఏఎం4 సాకెట్. 2022 సెప్టెంబరు నుంచి వచ్చిన 7000, 8000, 9000 శ్రేణులకు ఏఎం5.

పేరు కలిసినా కుదరని సందర్భం ఒకటుంది. ఇంటెల్ 6, 7 తరాల సాకెట్ పేరు ఎల్‌జీఏ 1151. 8, 9 తరాలదీ అదే పేరు, పిన్నుల సంఖ్యా అదే. కానీ పిన్నుల కేటాయింపు మారింది. పాత బోర్డు అలాగే ఉంచి సెకండ్ హ్యాండ్‌లో 8వ తరం ప్రాసెసర్ కొంటే అందులో కూర్చుంటుంది, పనిచేయదు.

ఏఎం4 వాళ్లది అదృష్టం. 2017లో బీ350 బోర్డుతో కొన్న మెషీన్‌కు కూడా, బోర్డు కంపెనీ కొత్త బయోస్ (బోర్డును మేల్కొలిపే ప్రోగ్రాము) విడుదల చేసి ఉంటే రైజెన్ 5 5600 బిగించుకోవచ్చు. బోర్డు, ర్యామ్ మార్చాల్సిన అవసరమే లేదు. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ అప్‌డేట్ చేసి, ఆ తర్వాత కొత్తది పెట్టాలి. అప్‌డేట్ నడిచే ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. కాబట్టి యూపీఎస్ లేకుండా, గాలివానలో ఆ పని పెట్టుకోవద్దు.

ఇక ర్యామ్. డీడీఆర్4, డీడీఆర్5 స్టిక్కులు రెండింటికీ 288 కాంటాక్టులే, అయినా గాటు వేరే చోట ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు. ఏఎం5, ఎల్‌జీఏ 1851 బోర్డులు డీడీఆర్5నే తీసుకుంటాయి. ఎల్‌జీఏ 1700లో మాత్రం రెండు రకాల బోర్డులూ దొరుకుతాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. మీ దగ్గర మంచి డీడీఆర్4 స్టిక్కులు రెండు ఉంటే, వాటిని వాడుకోగల బోర్డు తీసుకోవడం ఇప్పుడు తెలివైన పని. స్టిక్కులు రెండుంటే మెమరీకి రెండు దారులు తెరుచుకుంటాయి. ఒకే 16 జీబీ స్టిక్కు కంటే రెండు 8 జీబీలు మేలు, ముఖ్యంగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్లలో.

సాకెట్ తర్వాత చూడాల్సింది చిప్‌సెట్, అంటే ప్రాసెసర్‌ను మిగతా భాగాలతో కలిపే బోర్డు మీది చిప్. ఎల్‌జీఏ 1700లో హెచ్610 అన్నిటికంటే చౌక. అందులో ర్యామ్ స్లాట్లు రెండే, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి నేరుగా ప్రాసెసర్ నుంచి వచ్చే వేగవంతమైన దారి ఉండదు. బీ660, బీ760 బోర్డులకు ఆ ఇబ్బంది లేదు. జెడ్ అక్షరంతో మొదలయ్యే బోర్డులు ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసేవారికి, అంటే నిర్ణీత వేగాన్ని మించి నడిపేవారికి. మండు వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో, మామూలు గదిలో ఆ ముచ్చట మానుకోవడమే మంచిది.

బోర్డు మీద 100 ఆంపియర్లు

ఇప్పుడు బోర్డును దగ్గరగా చూద్దాం. ప్రాసెసర్ సాకెట్ చుట్టూ, ఎడమ పక్కనా పై పక్కనా, వరసగా చదరపు నల్ల దిమ్మెలు కనిపిస్తాయి. అవి కాయిల్స్. వాటి పక్కన చిన్న చదునైన చిప్‌లు మాస్‌ఫెట్లు, పొట్టి డబ్బాల్లాంటివి కెపాసిటర్లు. ఈ మూడూ కలిసినదే వీఆర్‌ఎం. పవర్ సప్లై నుంచి వచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒకటీ ఒకటింబావు వోల్టులకు దించడం దీని పని.

వోల్టేజీ అంత కిందికి దిగితే కరెంటు అంత పైకి వెళ్లాలి. కోర్ ఐ5-12400 పూర్తి బలంతో నడిచేటప్పుడు గరిష్ఠంగా 117 వాట్లు తీసుకుంటుంది. 1.2 వోల్టుల దగ్గర అది దాదాపు 100 ఆంపియర్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ గోడ ప్లగ్గు నుంచి లాగేది పది ఆంపియర్లలోపే. ఆ దించడంలో పదో వంతు వృథా అయినా 12 వాట్ల వేడి ఆ చిన్న చిప్‌ల మీదే పుడుతుంది. కోర్ ఐ7-14700 గరిష్ఠ వాడకం 219 వాట్లు. దాన్ని హెచ్610 బోర్డు మీద పెట్టినా మెషీన్ లేస్తుంది. కానీ వీఆర్‌ఎం మీద హీట్‌సింక్ కూడా లేని బోర్డు అంత కరెంటును ఎక్కువసేపు మోయలేదు. వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించేస్తుంది. ఐ7కు డబ్బు పోసి ఐ5 పని చేయించుకున్నట్టవుతుంది.

కెపాసిటర్ల సంగతి ఇంకా ముఖ్యం. లోపల ద్రవం ఉండే పాత రకం ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడి తగ్గుదలకూ రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు నిలిచేది 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు నిలుస్తుంది. ఘన పాలిమర్ కెపాసిటర్లకు ప్రతి 20 డిగ్రీలకూ ఆయుష్షు పది రెట్లు. 105 దగ్గర 5,000 గంటలున్నది 65 దగ్గర లెక్క ప్రకారం 5 లక్షల గంటలు. పైన గాటు గీతలు లేకుండా, నున్నటి లోహపు డబ్బాలా కనిపించేవి సాధారణంగా ఘన కెపాసిటర్లు. నేటి బోర్డుల్లో చాలావరకు ఇవే వస్తున్నాయి. పాత బోర్డు కొనేటప్పుడు, పాత పవర్ సప్లైని కొనసాగించేటప్పుడు మాత్రం తప్పక చూడాలి. పైభాగం ఉబ్బి ఉంటే దాని పని అయిపోయినట్టే.

ఉప్పు, తేమ, కరెంటు కలిస్తే

మైపాడు ఒడ్డున అలలు విరిగినప్పుడల్లా కంటికి కనిపించని ఉప్పునీటి తుంపరలు గాలిలో కలుస్తాయి. ఒడ్డు నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఈ ఉప్పు వేగంగా తగ్గిపోతుంది. సుమారు 20 కిలోమీటర్ల లోపల ఉన్న నెల్లూరు టౌనుకూ, ఒడ్డుకు కిలోమీటరులోపు ఉన్న పల్లెకూ మధ్య తేడా ఇదే. ఆ ఉప్పు దుమ్ముతో కలిసి ఫ్యాన్ ద్వారా క్యాబినెట్‌లోకి చేరి బోర్డు మీద పొరలా పేరుకుంటుంది.

పొడి ఉప్పు కరెంటును పారనివ్వదు. గాలిలో తేమ 75 శాతం దాటితే మాత్రం మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ అయితే 33 శాతం తేమ దగ్గరే ఆ పని చేస్తుంది. తీరంలో గాలి అంత పొడిబారడం అరుదు. కాబట్టి బోర్డు మీది ఉప్పు పొర ఏడాదిలో ఎక్కువ రోజులు ఎంతోకొంత చెమ్మగానే ఉంటుంది. పక్కపక్కన ఉన్న రెండు లోహపు గీతల మధ్య కొన్ని వోల్టుల తేడా ఉంటే, ఆ చెమ్మలో లోహపు అయాన్లు ఒకవైపు నుంచి రెండోవైపుకు ప్రయాణించి సన్నని కొమ్మల్లా పెరుగుతాయి. అవి ఎదుటి గీతను తాకగానే షార్ట్ సర్క్యూట్.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. నడిచే కంప్యూటర్ కంటే ఆపేసిన కంప్యూటర్‌కే ఈ ప్రమాదం ఎక్కువ. 28 డిగ్రీల దగ్గర 85 శాతం తేమ ఉన్న గాలిని 38 డిగ్రీలకు వేడిచేస్తే, అదే గాలిలో సాపేక్ష తేమ 50 శాతం కిందికి పడిపోతుంది. నడిచే మెషీన్ లోపల జరిగేది ఇదే, సొంత వేడితో తనను తాను ఆరబెట్టుకుంటుంది. ఆపేసి ప్లగ్గు తీయకుండా వదిలిన మెషీన్‌లో 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు బోర్డులో ఉంటూనే ఉంటుంది, ఆరబెట్టే వేడి మాత్రం ఉండదు. అందుకే రోజూ కాసేపైనా నడపండి. ఊరెళితే గోడ దగ్గర స్విచ్ ఆపి, ప్లగ్గు తీసేయండి. ఏసీ గదిలో మెషీన్ ఆపిన వెంటనే కిటికీలు తెరవద్దు. చల్లబడిన లోహం మీద బయటి తేమగాలి నీటిబొట్లుగా మారుతుంది.

రిపేరు షాపులకు వచ్చే తీరపు బోర్డులలో మొదట కనిపించేది వెనక యూఎస్‌బీ పోర్టుల అంచుల తుప్పు, ఆ తర్వాత ర్యామ్ కాంటాక్టుల మీద మసక. మెకానిక్ వెంటనే పెన్సిల్ రబ్బరు తీసి ర్యామ్‌ను రుద్దుతాడు, మెషీన్ లేస్తుంది. కానీ ఆ కాంటాక్టుల మీదున్న బంగారు పూత చాలా పలచన. రబ్బరుతో మళ్లీ మళ్లీ రుద్దితే పూత అరిగి, అడుగునున్న నికెల్ బయటపడి, తుప్పు ఇంకా త్వరగా వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన మెత్తని బట్టతో తుడవడం సరైన పద్ధతి.

క్యాబినెట్ సముద్రంవైపు కిటికీకి ఎదురుగా ఉండకూడదు. గాలి లోపలికి వచ్చే ఫ్యాన్ల ముందు కడిగి వాడుకోగల జాలీ పెట్టండి. లోపలికి గాలి తోసే ఫ్యాన్లు బయటికి లాగే ఫ్యాన్ల కంటే కాస్త బలంగా ఉంటే జాలీ దాటని దుమ్ము సందుల్లోంచి దూరదు.

కరెంటు మాటకొస్తే, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నెల్లూరు తీరం వెంబడే సాగి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి రోజుల్లో కరెంటు పోవడం కంటే పోతూ వస్తూ ఉండటం ఎక్కువ హాని. బోర్డు మీద పెట్టే డబ్బులో కొంత మంచి పవర్ సప్లైకి, యూపీఎస్‌కు, సరైన ఎర్త్‌కు కేటాయించండి. ఇసుక నేల ఎండితే కరెంటును సరిగా లాక్కోదు. ఎర్త్ గుంతలో వేసవిలో నీళ్లు పోయడం మరిచిపోవద్దు.

ఎవరికి ఏది?

లెక్కలు, ఆన్‌లైన్ సేవలు, ట్యూషన్, టైపింగ్: నాలుగు కోర్‌ల కోర్ ఐ3-12100 చాలు. మంచి బోర్డు, రెండు ర్యామ్ స్టిక్కులు, ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ మెషీన్ చాలా ఏళ్లు నడుస్తుంది. బ్రౌజర్ తప్ప వేరే పని లేనివారు పాత మెషీన్‌లోనే ఎస్‌ఎస్‌డీ వేసి, ఉచిత లైనక్స్‌తో కొనసాగించవచ్చు.

ఇంజనీరింగ్ విద్యార్థి, డీటీపీ, ఫొటోషాప్: ఆరు కోర్‌ల కోర్ ఐ5-12400, డీడీఆర్4 బీ760 బోర్డు. లేదా పాత ఏఎం4 బోర్డు బాగుంటే దాని మీద రైజెన్ 5 5600జీ. రాబోయే ఏళ్లలో ప్రాసెసర్ మళ్లీ మార్చుకునే ఆలోచన ఉన్నవారికి ఏఎం5 మేలు. 2027, ఆ తర్వాత కూడా ఆ సాకెట్‌ను కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. ఎల్‌జీఏ 1700కు అలాంటి ముందుదారి లేదు.

పెళ్లి వీడియోలు: ఇక్కడ కోర్‌ల కంటే ముందు కెమెరాను చూడాలి. నేటి మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావరకు 10-బిట్ 4:2:2 హెచ్.265 రకం వీడియో తీస్తాయి. ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ భాగం దీన్ని సులభంగా విప్పగలదు. చాలా గ్రాఫిక్స్ కార్డులకు ఆ శక్తి లేదు. కనుక ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే తీసుకోవద్దు, ఆ భాగం అందులో ఉండదు. కొద్దిపాటి ధర తేడా కోసం ఎఫ్ మోడల్ తీసుకుంటే టైమ్‌లైన్ ప్రతి నిమిషం ఆగుతుంది. 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు కొనేవారు బోర్డులో తాజా బయోస్ వేయించుకోవాలి. వోల్టేజీ ఎక్కువై చిప్‌లు పాడవుతున్నాయని తేలాక ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి దానికి సవరణలు విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది.

కొనే ముందు, బిగించే ముందు

బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో కొన్నింటి క్యాబినెట్, పవర్ కనెక్టర్లు వాటికే ప్రత్యేకం. వాటిలో మామూలు బోర్డు పట్టదు. క్యాబినెట్ మూత తీసి, కొలత చూసుకోండి. మైక్రో ఏటీఎక్స్ బోర్డు కొలత 244 మిల్లీమీటర్ల చదరం.

ఇంటెల్, ఏఎం5 బోర్డుల్లో పిన్నులు బోర్డు మీదే ఉంటాయి. షాపులోనే సాకెట్ మూత తీయించి, ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడండి. అన్ని పిన్నులూ ఒకే దిశలో, ఒకే వరసలో మెరవాలి. ఒక్కటి వంగినా ఆ మెరుపులో మచ్చలా కనిపిస్తుంది. పిన్ను వంగితే వారంటీ వర్తించదు, కాబట్టి బిల్లు కట్టకముందే చూడాలి. బిల్లు మీద బోర్డు, ప్రాసెసర్ సీరియల్ నంబర్లు రాయించుకోండి.

పాత మెషీన్ విప్పకముందు ట్యాలీ లైసెన్సును అందులోంచి సరెండర్ చేయండి. బోర్డు మారాక విండోస్‌ను మళ్లీ యాక్టివేట్ చేయాల్సి వస్తుంది, డ్రైవ్‌కు తాళం వేసి ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ, ముఖ్యమైన ఫైళ్ల కాపీ రెండూ చేతిలో ఉన్నాకే స్క్రూడ్రైవర్ పట్టండి. తీసేసిన పాత బోర్డును చెత్తకుప్పలో వేయకండి, సీసంతో పాటు ఇతర విషపదార్థాలూ అందులో ఉండవచ్చు. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కు చేర్చాలి.

షాపుకు వెళ్లే ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: నేను రోజూ చేసే పని ఏది, ఆ పనిలో టాస్క్ మేనేజర్ దేన్ని దోషిగా చూపింది, నా ఇల్లు సముద్రానికి ఎంత దూరం. మొదటి రెండూ ప్రాసెసర్‌ను చెబుతాయి, మూడోది బోర్డును చెబుతుంది. బడ్జెట్ చాలకపోతే ప్రాసెసర్‌లో ఒక మెట్టు దిగండి. బోర్డులో, పవర్ సప్లైలో మాత్రం దిగవద్దు.